ప్రేమవిందుకు గీసిన పటం

ఒకరు ప్రార్థన చేస్తుంటే మరొకరు మధ్యలో దిద్దకూడదని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. మా సంఘంలో గొలుసు ప్రార్థన పెడితే ఒకరు ఆపినచోట పక్కవారు అందుకుంటారు. ముందువారు ఊరి పేరు తప్పు చెప్పినా, జబ్బు ఒకరిదైతే ఇంకొకరి పేరు ఎత్తినా మనం కళ్లు తెరవం. అసలు సంగతి దేవునికి తెలుసులే అనుకుని ఆమెన్ అనేస్తాం. ఈ మంచి అలవాటును తీసుకెళ్లి నేను కంప్యూటర్ ల్యాబులో పెట్టాను. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకుంటాను. మీలో పాఠాలు చెప్పేవాళ్లూ, జట్టుగా ఉద్యోగాలు చేసేవాళ్లూ ఉంటారు కాబట్టి ఆ నవ్వు మీకూ పంచుదామని కూర్చున్నాను.

నందిగామలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. ఆఖరి రోజుల్లో నా చేతికి వచ్చిన కోర్సు సిస్టమ్స్ అనలిస్టులను తయారుచేసేది. అనలిస్ట్ అంటే ప్రోగ్రాములు రాసేవాడని చాలామంది అనుకుంటారు. కాదు. ఒక ఆసుపత్రిలోనో, మిర్చి గోడౌన్‌లోనో, బస్టాండులోనో పని ఎలా నడుస్తోందో ముందు వెళ్లి చూడాలి. అక్కడివాళ్లను అడగాలి. ఎవరి చేతి నుంచి ఏది ఎవరి చేతికి వెళ్తోందో గళ్లూ గీతలూ వేసి పటం గీయాలి. ప్రోగ్రాం రాసేవాడు ఆ తర్వాత వస్తాడు. పటం తప్పయితే అతను ఎంత గొప్పగా రాసినా దండగే.

మా యాజమాన్యానిదే జగ్గయ్యపేటలో ఇంకో కాలేజీ ఉంది. అక్కడా ఇదే కోర్సు, అక్కడా గుప్పెడు మందే పిల్లలు. కరోనా రోజుల్లో అలవాటైన ఆన్‌లైన్ పద్ధతిని వదలకుండా రెండు ఊళ్ల పిల్లలనూ కలిపి జట్లు కట్టాం. ఒకే తెల్లబోర్డు రెండు ల్యాబుల్లోనూ తెరల మీద కనిపిస్తుంది. జగ్గయ్యపేటలో ఒకరు గడి గీస్తే అదే క్షణాన నందిగామలో గడి పుడుతుంది. పక్కనే మాటలు రాసుకునేందుకు చోటుంటుంది. ఐదుగురు కలిసి ఒక పటం గీస్తే, ఒకరి కంటికి ఆననిది మరొకరి కంటికి ఆనుతుందనేది ఈ చదువులో నమ్మకం.

నమ్మకం మంచిదే. పిల్లలే మరీ మంచివాళ్లు. ఒకరు గడి గీస్తే మిగతావాళ్లు దాని జోలికి వెళ్లేవాళ్లు కాదు. కింద 'సూపర్' అని రాసి ఊరుకునేవాళ్లు. జగ్గయ్యపేట ల్యాబు చూసే మాస్టారు ఫోన్ చేసి, మా వైపు పిల్లలు బోర్డు వంక సినిమా చూసినట్టు చూస్తున్నారండీ, ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ ఇప్పించమంటారా అని అడిగారు.

సరిగ్గా అప్పుడే విజయవాడలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఒకావిడ మా కాలేజీకి వచ్చారు. కొత్తగా చేరేవాళ్లకు శిక్షణ ఇప్పించే బాధ్యత ఆవిడది. విడివిడిగా తీసుకున్న తెలివైనవాళ్లంతా ఒక బల్ల చుట్టూ కూర్చోగానే మూగవాళ్లయిపోతున్నారట. అందుకని ఈసారి జట్టు మొత్తాన్ని తీసుకోవాలని ఆవిడ ఆలోచన. నా విద్యార్థుల్లో ఐదుగురున్న ఒక జట్టును ఎంచుకుని ఇలా అన్నారు: తీసుకుంటే ఐదుగురినీ తీసుకుంటాను, లేదంటే ఒక్కరినీ తీసుకోను. పరీక్ష పెట్టను, రిపోర్టు చదవను. నిజంగా ఒక పని జరిగే రోజున జరిగే చోటికి వస్తాను, బోర్డు నాకూ కనపడేలా పెట్టండి, చాలు.

ఆ ఐదుగురిలో ముగ్గురు నందిగామలో చదివేవాళ్లు. రెడ్డిగూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి ఒకరు. నోట్లో నాలుక ఉందా అని అనుమానం వచ్చేంత నెమ్మది. రెండో ఆమె మా సంఘం క్వయర్‌లో పాడే అమ్మాయి. మూడోవాడు పరిటాల అబ్బాయి. పెళ్లిళ్లకు క్యాటరింగ్ చేసే పెదనాన్న దగ్గర పెరిగాడు, ఏ మాటన్నా ధైర్యంగా అనేవాడు. జగ్గయ్యపేటలో ఉన్న ఇద్దరూ ప్రాణ స్నేహితురాళ్లు. పరిటాల అబ్బాయి తప్ప మిగతా నలుగురూ విశ్వాసుల పిల్లలే. ఐదుగురికీ అది మొదటి ఉద్యోగం, నలుగురి మొహమాటంతో అది చేజారుతుందేమోనని నాకు దిగులు.

ఒక శుక్రవారం ఉపవాస కూడికలో గొలుసు ప్రార్థన జరుగుతుండగా నాకు ఆలోచన తట్టింది. కళ్లు మూసుకునే నవ్వుకున్నాను. మర్నాడు బోర్డు దగ్గర కొత్త పద్ధతి పెట్టాను. ఒకరు ఒక గడి గీస్తారు. రెండోవారు అక్కడి నుంచి అందుకుని ఇంకొకటి గీస్తారు. అలా ఐదుగురూ అయ్యాక అందరూ 'సమ్మతం' అని రాయాలి. ఎవరూ ఊరికే కూర్చోవడానికి లేదు.

పద్ధతి నా నుంచి వచ్చింది కదా, పిల్లలు 'సమ్మతం' బదులు 'ఆమెన్' అని రాయడం మొదలుపెట్టారు. అందరికన్నా ముందు రాసేది పరిటాల అబ్బాయే. పటాలు చకచకా పెరిగిపోయాయి. రంగులు, బాణాలు, చూడముచ్చటగా ఉండేవి. నేను గాల్లో తేలిపోతూ జగ్గయ్యపేట మాస్టారుకు ఫోన్ చేశాను. ఆయనది వేదాద్రి, నరసింహస్వామి భక్తుడు. ఆయనకూ నాకూ భక్తిలో పోటీ, స్నేహంలో పొత్తు.

"ఇది మా భజన పద్ధతేనండి మేడమ్ గారూ. ఒకడు ఎత్తుకుంటే ఊరంతా అందుకుంటాం. ఆ మొదటోడు శ్రుతి తప్పాడనుకోండి, ఊరంతా తప్పుతాం."

"మరి మీ స్వామి ఊరుకుంటాడా మాస్టారూ?"

"ఆయన ఉగ్రమూర్తి కదండీ. అందుకే తప్పు వినపడకుండా ఇంకాస్త గట్టిగా పాడతాం."

నేను పడీపడీ నవ్వాను. అందులో హెచ్చరిక ఉందని తట్టలేదు.

కంపెనీ ఆవిడకు చూపించడానికి మా సంఘ వార్షికోత్సవాన్ని ఎంచుకున్నాను. ఆ ఆదివారం ఆరాధన ముగిశాక ప్రేమవిందు ఉంటుంది. అంటే సంఘమంతా కలిసి కూర్చుని చేసే భోజనం. ప్రతి ఏడూ అన్నం చాలకపోవడమో, కుండలకొద్దీ మిగిలిపోవడమో జరుగుతుంది. పెద్దలంతా కలిసి వంట చూసే ఆయన మీద పడతారు. ఆయన అలుగుతాడు. ఆయన అలక తీర్చడానికి ఇంకో కూడిక పెట్టాలి. ఈ చిక్కు విప్పండి అని పిల్లలకు అప్పగించాను.

పరిటాల అబ్బాయి మొదటి గడి గీశాడు: 'వచ్చేవాళ్లు తమ ఇంట్లో ఎంతమందో ముందుగా చెబుతారు.' జగ్గయ్యపేట అమ్మాయి అందుకుంది: 'అందుకోసం శనివారం సంఘం వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడతాం.' ఆమె స్నేహితురాలు జవాబులు కూడే గడి గీసింది. క్వయర్ అమ్మాయి ఆ లెక్కను వంట దగ్గరికి పంపింది. రెడ్డిగూడెం అమ్మాయి చివర ఒక చిన్న అన్నం గిన్నె బొమ్మ వేసింది. దాని మీంచి ఆవిరి కూడా వస్తోంది. ఐదు ఆమెన్లు.

నాకు తెలియదా? పెళ్లై వచ్చిననాటి నుంచీ ఆ సంఘంలోనే తింటున్నాను. ప్రేమవిందుకు ముందుగా చెప్పి వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటారా? అలా అడిగితే, మేం వస్తే మీకు బరువా అని బంధువులు కూడా ముఖం ముడుచుకుంటారు. అయినా ఆ ఆవిరి బొమ్మ చూసి మురిసిపోయి నేనూ ఆమెన్ అని రాశాను. నేను రాశాక కాదనేవాళ్లు ఇంకెవరు?

శనివారం క్వయర్ అమ్మాయి గ్రూపులో మెసేజ్ పెట్టింది. ఆదివారం పొద్దున మందిరం బయట వేసిన షామియానా కింద ఐదుగురూ చేరారు. జగ్గయ్యపేట ఇద్దరూ తొలి బస్సుకే దిగారు. కంపెనీ ఆవిడ నేత చీర కట్టుకుని వచ్చి, స్త్రీల వైపు చాప మీద కూర్చుని, పక్కావిడ పాటల పుస్తకంలోకి తొంగిచూస్తూ పాడసాగారు. మా ఆరాధన ఎంతసేపు ఉంటుందో ఆవిడకు చెప్పలేదు. చెబితే రారేమోనని.

అప్పుడు వంట చూసే సంఘపెద్ద తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"టీచరమ్మా, ఎసరు పెట్టాలి. మీ పిల్లల లెక్క ఏదమ్మా?"

క్వయర్ అమ్మాయి ఫోన్ చూపించింది. "ఆమెన్లు వచ్చాయండి అంకుల్."

"ఎవరెవరు పెట్టారు?"

"అందరూ పెట్టారండి."

మా గ్రూపు సంగతి మీకు చెప్పాలి. పొద్దున బైబిలు వాగ్దానం పెట్టినా ఆమెన్. జ్వరమని పెట్టినా ఆమెన్. కరెంటు పోయిందని పెట్టినా ఆమెన్. మీ ఇంటి నుంచి ఎంతమంది వస్తారు అని అడిగితే కూడా, మెసేజ్ చివర ప్రేమవిందు అన్న మాట కనపడగానే అందరూ ఆమెన్ పెట్టి చేతులు జోడించేశారు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని వేలితో కిందికి జరుపుతూ చదివాడు. "ఒక ఆమెన్ అంటే ఇద్దరా, నలుగురా? ఇదిగో, వీడు కువైట్‌లో ఉన్నాడు గదమ్మా, వీడు కూడా తింటాడా? ఈవిడ మందిరానికొచ్చి ఏడాదయింది. ఆమెన్ మాత్రం మానదు." ఫోన్ వెనక్కి ఇచ్చేశాడు. "ప్రసంగం మొదలైతే నేను పొయ్యి రాజేస్తా. ఈలోపు ఏదో ఒకటి తేల్చండి."

నేను వెళ్లి నా చోట కూర్చున్నాను. కంపెనీ ఆవిడ చేతిలో ఫోన్ ఉంది, అందులో బోర్డు తెరిచే ఉంది. ఐదుగురి ఉద్యోగమూ ఆ చాప మీద కూర్చుని పాట పాడుతోంది. నా ఫోన్ బైబిలు అట్ట లోపల పెట్టుకుని బోర్డు చూశాను. దేవుడు క్షమించాడనే అనుకుంటున్నాను.

ఐదుగురూ షామియానాలో ఉన్నారు. ఒకరికీ ఇంకొకరికీ మధ్య పది అడుగుల దూరం కూడా లేదు. కానీ ఎవరూ ఎవరి ముఖమూ చూడడం లేదు. తలలు వంచుకుని, ఒకరికొకరు వీపు తిప్పుకుని ఫోన్లు పట్టుకున్నారు. బోర్డు పక్కన మాటలు రాసే చోట ఒక వాక్యం పడింది. రెడ్డిగూడెం అమ్మాయిది.

"మొదటి గడి తప్పు."

పాట ఒక చరణం మొత్తం అయిపోయింది. తర్వాత గట్టు తెగింది.

"నాకూ అనిపించింది" అని క్వయర్ అమ్మాయి.

"నాకు ఆ రోజే తెలుసు" అని జగ్గయ్యపేట అమ్మాయి.

"తెలిస్తే చెప్పొచ్చుగా" అని పరిటాల అబ్బాయి.

"నువ్వు అంత ధీమాగా రాసావు. మేడమ్‌ని అడిగే రాసావనుకున్నాం" అని మళ్లీ జగ్గయ్యపేట అమ్మాయి.

"నాకేం తెలుసు, మా పెదనాన్న క్యాటరింగ్‌లో ముందే ప్లేట్లు చెబుతారు. మీరు నలుగురూ చర్చి వాళ్లు. మీరు ఆమెన్ పెట్టారు కాబట్టి కరెక్టే అనుకున్నా. అంటే ఇన్నాళ్లూ నన్నొక్కణ్ణే వెర్రివాణ్ణి చేశారా?"

"మేడమ్ కూడా పెట్టారుగా" అని క్వయర్ అమ్మాయి.

"మేడమ్‌కి కూడా తెలీదేమో."

ఈ చివరి మాట రాసింది జగ్గయ్యపేట రెండో అమ్మాయి. నేను బైబిలు మూసేశాను. మళ్లీ తెరిచాను. నా పక్కనున్న పెద్దావిడ షామియానా వైపు చూసి నా చెవిలో చెప్పింది, మన యౌవనస్థుల్ని చూడమ్మా, ఒక్కరూ కబుర్లాడుకోవట్లా, ఫోన్లలో బైబిలు వాక్యంలో మునిగిపోయారు అని. నాకు నవ్వు పొంగుకొచ్చి దగ్గినట్టు నటించాల్సి వచ్చింది.

వాక్యం సంగతేమోగాని యుద్ధంలో మాత్రం మునిగారు. బయట విడిచిన చెప్పులు లెక్కపెడితే లోపల ఎంతమందో తెలుస్తుందిగా అని పరిటాల అబ్బాయి కొత్త గడి గీశాడు. సండే స్కూల్ పిల్లల్లో సగం మంది చెప్పులు వేసుకోరని క్వయర్ అమ్మాయి దాన్ని చెరిపేసింది. చెరిపేస్తే ఎలా, పక్కన పిల్లల గడి ఇంకొకటి పెట్టమని జగ్గయ్యపేట అమ్మాయి మళ్లీ గీసింది. ఆరాధన చివరి దీవెన వేళకు పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో దిగేవాళ్ల మాటేమిటని ఆమె స్నేహితురాలు అడ్డం తగిలింది. అప్పుడు రెడ్డిగూడెం అమ్మాయి మొత్తం పటానికి అడ్డంగా ఒక గీత కొట్టేసింది. అసలు ఎంతమందో ముందే తెలియాలని ఎవరన్నారు, అన్నం అంతా ఒకేసారి ఎందుకు వండాలి అని అడిగింది.

క్యాటరింగ్‌లో అలా చెయ్యరని అబ్బాయి రాశాడు. ఇది క్యాటరింగ్ కాదు అని నలుగురూ ఒకేసారి రాశారు.

చూస్తుండగానే పాత పటం మాయమైంది. కొత్తది వచ్చింది, రంగులు లేవు, బాణాలు వంకర. చెప్పులనూ పిల్లలనూ చూసి మొదటి విడత వండడం. రెండో విడతకు బియ్యం నానబెట్టి, ఎసరు కాగుతూ ఉంచడం. దీవెన వేళ ఆటోలను చూసి ఆ బియ్యం వేయడమో, మానడమో.

పరిటాల అబ్బాయి చెప్పులు లెక్కపెట్టడానికి పరుగెత్తాడు. మా సంఘంలో అతని ముఖం ఎవరికీ తెలియదు. ప్రసంగం వేళ ఒక కొత్త కుర్రాడు నడుం వంచి చెప్పుల మధ్య తిరుగుతుంటే కాపలా ఉన్న పెద్దమనిషి ఊరుకుంటాడా? భుజం పట్టుకున్నాడు. ఏం సైజు కావాలి నాయనా అని అడిగాడట. క్వయర్ అమ్మాయి షామియానాలోంచి లేచి పరుగున వెళ్లి విడిపించింది. ప్రసంగంలో ఉన్న పాస్టరు అయ్యగారు ఒక్క క్షణం ఆగి, ఆమె వెళ్లిన వైపు చూసి, దాహంతో ఉన్న ఆత్మల గురించి చెప్పడం కొనసాగించారు.

సంఘపెద్ద కొత్త ఏర్పాటు విని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఇంతేనా? ఈ మాట ఆమెన్లు లేకుండా చెప్పుంటే పొద్దున్నే అయిపోయేది గదమ్మా" అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు. దీవెన వేళకు ఆటోలు దిగాయి, రెండో గిన్నె పొయ్యెక్కింది. అన్నం అందరికీ వచ్చింది, పారేయాల్సినంత మిగల్లేదు. పప్పుచారు మాత్రం చివరి పంక్తికి నీళ్లయిపోయింది, పప్పుచారుకు గడి గీయడం ఐదుగురూ మర్చిపోయారు.

కంపెనీ ఆవిడ విస్తరి ముందు కూర్చుని తృప్తిగా తిన్నారు. వెళ్లేముందు ఒక్క మాటే అడిగారు, పటం మీద గీత కొట్టింది ఎవరు అని. రెడ్డిగూడెం అమ్మాయి తప్పు చేసినదానిలా చెయ్యెత్తింది. ఆవిడ తలూపి కారెక్కారు.

ఇక అయిపోయిందనుకున్నాను. ఆ ఆరాధన సమయమంతా మా పిల్లలు పోట్లాడుకోవడం, తమ టీచరుకే తెలియదేమో అనుకోవడం ఆవిడ కళ్లారా చూశారు. ఇంటికి వెళ్లి ప్రార్థనకు మోకరించాను. తొలి శిష్యుల నాటి ఆదిమ సంఘంలో, ఇతర జాతులవాళ్లతో కలిసి తినడం మానేశాడని ఒక అపొస్తలుడు ఇంకో పెద్ద అపొస్తలుణ్ణి అందరి ఎదుటా ముఖం మీదే తప్పుపట్టిన సంగతి గుర్తొచ్చింది. సండే స్కూల్లో ఆ భాగం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను గబగబా దాటేసేదాన్ని, పిల్లలు నేర్చుకుంటారేమోనని. ఆ పోట్లాట జరగకపోతే సువార్త మా ఊళ్ల దాకా వచ్చేదే కాదని అప్పుడు అర్థమైంది. నవ్వుకుంటూ లేచాను. అంత హాయిగా నేనెప్పుడూ ప్రార్థన ముగించలేదు.

కొద్దిరోజులకు కంపెనీ నుంచి కబురు వచ్చింది. ఐదుగురినీ తీసుకుంటారు. విజయవాడ ఆఫీసులో ఐదుగురికీ కలిపి ఒక పెద్ద బల్ల వేయిస్తారు. స్టాఫ్ రూములో నేను స్తోత్రమంటూ లేచి నిలబడితే కుర్చీ వెనక్కి పడిపోయింది. సాయంత్రం పిల్లలను బోర్డు మీదికి పిలిచి, వెంటనే ఒప్పుకుంటూ రాసేయమన్నాను. నందిగామ ముగ్గురూ ల్యాబులో నా ఎదురుగానే ఉన్నారు, జగ్గయ్యపేట ఇద్దరూ తెర మీద ఉన్నారు.

"అలా వద్దు మేడమ్" అంది రెడ్డిగూడెం అమ్మాయి. ఈసారి నోటితో అంది. నావైపు చూసి అంది.

"ఎందుకు వద్దమ్మా? ఎదురొచ్చిన దీవెన."

"ఉద్యోగం కావాలండి. బల్ల వద్దు. ఆ రోజు ఒకరి ముఖం ఒకరు చూడకుండా బోర్డు మీద రాసుకున్నాం కాబట్టి తప్పంటే తప్పని రాసేసాం. అక్కడ పక్కపక్కన కూర్చోబెడితే మళ్లీ మొహమాటం మొదలవుద్ది. వీడు బాధపడతాడనో, వాళ్లు ఏమనుకుంటారో అనో ఆలోచిస్తాం. మళ్లీ సూపర్, సూపర్. ఆరు నెలల్లో పంపించేస్తారు. ఇక్కడివాళ్లం ఇక్కడ, అక్కడివాళ్లు అక్కడ ఉండి బోర్డు మీదే చేస్తామని రాస్తాం మేడమ్."

"ఆవిడ ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకుంటారండి" అన్నాడు పరిటాల అబ్బాయి. "ఆవిడకి కావాల్సింది కూడా ఇదేగా."

ఆవిడ ఒప్పుకున్నారు, ఒక్క రోజు కూడా తీసుకోలేదు. రెండు ఊళ్లలోనూ మా ల్యాబుల పక్క గదుల్లోనే తలొక మూల వాళ్లకు చోటిచ్చారు. కానీ ఆ సాయంత్రం నాకది తెలియదు. దేవుడిచ్చిన మేలుకు బేరమాడకూడదని నాకు గట్టి నమ్మకం. పిల్లలతో నోటితో వాదించడం మొహమాటమనిపించి కీబోర్డు ముందుకు లాక్కుని, ఐదుగురికీ కనపడేలా బోర్డు మధ్యలో రాయడం మొదలుపెట్టాను. అనుభవంతో చెబుతున్నాను, వచ్చిన అవకాశాన్ని మనం...

వాక్యం పూర్తి కాకముందే ఎవరో చెరిపేశారు. ఎదురుగా ఉన్న ముగ్గురి వంకా చూశాను, ముగ్గురూ బుద్ధిగా తెర వంక చూస్తున్నారు. తెర మీద ఇద్దరూ అంతే. ఎవరు చెరిపారో ఈరోజుకీ నాకు చెప్పలేదు. నేను కుర్చీలో వెనక్కి వాలి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాను.